హెలీన్‌లో నీళ్లొచ్చిన ఇల్లు తక్కువకి వస్తోంది, కొనొచ్చా? (ఫ్లోరిడా, టాంపా బే)

కొత్తకాపు_టాంపా:

అందరికీ నమస్కారం. డాలస్ నుంచి టాంపా వచ్చి పది నెలలైంది, ఇప్పటిదాకా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాం. ఈమధ్య సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో షోర్ ఏకర్స్ అనే చోట ఒక ఇల్లు చూశాం. మూడు బెడ్‌రూములు, వెనక కాలవ, ఆ కాలవలోంచి పడవేసుకుని నేరుగా బేలోకి (అఖాతంలోకి) పోవచ్చు. లోపల గోడలు, ఫ్లోరింగ్, వంటగది అన్నీ కొత్తవే. ధర చూస్తే ఇదే సైజు ఇల్లు సముద్రానికి దూరంగా పలికే దానికంటే తక్కువ. ఎందుకంటే 2024లో హెలీన్ తుఫాను వచ్చినప్పుడు ఇంట్లోకి మూడడుగుల నీళ్లొచ్చాయి. అమ్మేవాళ్లు దాచలేదు, కాగితం మీద రాసే ఇచ్చారు. ఏజెంట్ మాత్రం "ఇది వందేళ్లకోసారి వచ్చేది, మళ్లీ మీ జన్మలో చూడరు" అంటున్నాడు.

నా బుర్రకెక్కనిది ఒకటుంది. హెలీన్ అసలు టాంపాను తాకలేదు కదా, వంద మైళ్లకు పైగా అవతల గల్ఫ్‌లోంచి పైకి పోయి ఎక్కడో పెర్రీ దగ్గర తీరం దాటింది. సరిగ్గా 13 రోజులకు మిల్టన్ అనే ఇంకో తుఫాను వచ్చి సియెస్టా కీ దగ్గర, అంటే దాదాపు పక్కింట్లో దిగినట్టు, కేటగిరీ 3గా దాటింది. అప్పుడు ఈ ఇంట్లోకి బే నీళ్లు రాలేదట. దూరంగా పోయింది ముంచేసి, మీదకొచ్చింది వదిలేయడమేంటి? ఇందులో లెక్కేమైనా ఉందా, లేక లాటరీయేనా?

మా అత్తగారిది రేపల్లె దగ్గర పల్లె. వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపిస్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "గడప నేలకెంత ఎత్తుంది?" అని. ఎనిమిదంగుళాలు ఉంటుందేమో అన్నాను. ఇంకేం మాట్లాడలేదు, ఫోన్ మా ఆవిడకివ్వమన్నారు. అప్పటినుంచి మా ఆవిడ ఒక పూట సరే అంటుంది, ఇంకో పూట వద్దంటుంది. ఇన్‌స్పెక్షన్ గడువు (ఇల్లు పరీక్షించుకుని, వద్దనుకుంటే తప్పుకునే గడువు) వచ్చే శుక్రవారంతో అయిపోతుంది. తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

గాలివాటం:

లాటరీ కాదు, లెక్కే. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తుఫాను ఎటు పోతోందో అటు ముఖం పెట్టి నిలబడ్డావనుకో, నీ కుడిచేతి వైపు తీరంలో గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, ఎడమచేతి వైపు తీరంలో నేల మీంచి సముద్రంలోకి నెడుతుంది. హెలీన్ గల్ఫ్‌లో ఉత్తరంగా పోయింది, టాంపా బే దానికి కుడి వైపున పడింది. గంటల తరబడి దక్షిణపు గాలి గల్ఫ్ నీళ్లని బే నోట్లోకి కుక్కింది. మిల్టన్ పడమటి నుంచి వచ్చి మీకు దక్షిణాన దాటింది, అంటే మీరు దానికి ఎడమ వైపు. ఆ గాలి బేలో ఉన్న నీళ్లని కూడా బయటికి ఊడ్చేసింది. 2022లో ఇయన్ అప్పుడూ ఇదే జరిగింది, టాంపా బే ఒడ్డున అడుగు బయటపడితే జనం దిగి నడిచారు (దయచేసి అలాంటి పని చేయకండి, పోయిన నీళ్లు చెప్పి తిరిగి రావు). అదే రోజు దక్షిణాన ఫోర్ట్ మయర్స్ బీచ్‌లో నేల మీద 10 నుంచి 15 అడుగుల నీళ్లు నిలిచాయి. మొదట్లో టాంపాకే వస్తుందనుకున్న తుఫాను అది. మిల్టన్ కూడా అంతే, ఇంకో ముప్పై నలభై మైళ్లు ఉత్తరంగా దాటి ఉంటే ఈ ఇల్లు అమ్మకానికి ఉండేదో లేదో.

ఇంకో సంగతి, ఫ్లోరిడా పడమటి ఒడ్డున సముద్రం చాలా దూరం దాకా లోతుండదు. లోతైన చోట గాలి పైన నీళ్లని తోస్తే కింద నుంచి వెనక్కి పోవడానికి దారుంటుంది. లోతులేని చోట ఆ దారి లేదు, నీళ్లు ఒడ్డు మీదికెక్కాల్సిందే. తుఫాను మధ్యలో గాలి ఒత్తిడి తగ్గడం వల్ల సముద్రం పైకుబుకుతుందని చాలామంది అనుకుంటారు. ఉబుకుతుంది, కానీ ఒక మిల్లీబార్‌కి ఒక సెంటీమీటరు చొప్పున, ఎంత పెద్ద తుఫానైనా మూడడుగులు దాటడం కష్టం. మిగతాదంతా గాలి తోసిందే.

కేటగిరీ నంబరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లంతా "కేటగిరీ ఎంత?" అనే అడుగుతారు. ఆ నంబరు గాలి వేగానికి మాత్రమే. ఒకప్పుడు ఆ పట్టికలో ఉప్పెన ఎత్తు కూడా ఉండేది, జనం తప్పుదారి పడుతున్నారని 2010లో తీసేశారు. ఐక్ 2008లో టెక్సస్‌లో కేటగిరీ 2గానే దాటింది, బొలివర్ ద్వీపకల్పంలో ఇళ్లు వరసలకు వరసలు తుడిచిపెట్టుకుపోయాయి. 2012లో శాండీ న్యూజెర్సీలో ఒడ్డెక్కే సమయానికి దాన్ని హరికేన్ అని కూడా అనలేదు. న్యూయార్క్ సబ్‌వేలోకి సముద్రం దిగింది. అందుకే 2017 నుంచి ఉప్పెనకు విడిగా హెచ్చరిక ఇస్తున్నారు. మీరు చూడాల్సింది అది.

ఇక ఏజెంట్ గారి వందేళ్లు. దానర్థం వందేళ్లకు ఒక్కసారి అని కాదు, ఏ ఏడాదికాయేడు నూటికి ఒక వంతు అవకాశం అని. 30 ఏళ్ల లోనుకు లెక్కేస్తే కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. అది కూడా ఆ ఇల్లు నిజంగా ఆ ఎత్తులో ఉంటే. షోర్ ఏకర్స్‌లో 2023 ఆగస్టులో ఇడాలియా వచ్చినప్పుడూ ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి, 2024 సెప్టెంబరులో హెలీన్‌కీ వచ్చాయి. పదమూడు నెలల్లో రెండు సార్లు. ఏ వందేళ్లో ఆయన్నే అడగండి.

షోర్ఏకర్స్_మాజీ:

తమ్ముడూ, ఆ వీధుల్లోనే ఏడేళ్లున్నాను, అందుకని కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపికుంటే చదువు.

ఇడాలియాకి మా గరాజ్‌లోకి వచ్చి ఆగిపోయింది. దాంతో మాకు ధైర్యం వచ్చింది, అదే మేం చేసిన తప్పు. హెలీన్ అప్పుడు వెళ్లిపొమ్మని ఆర్డర్ వచ్చింది. ఆ ప్రాంతం ఖాళీ చేయించే జోన్లలో మొదటిది, ఏ జోన్. ఆ సాయంత్రం బయట చూస్తే పెద్ద గాలి కూడా లేదు. తుఫాను ఎక్కడో ఉంది కదా అని ఉండిపోయాం. చీకటి పడ్డాక మొదట వీధిలో మురుగు జాలీల్లోంచి నీళ్లు పైకి వచ్చాయి. గమనించు, సముద్రం ఎక్కడినుంచో అలలా రాలేదు, వాన నీళ్లు పోవాల్సిన గొట్టాల్లోంచే వెనక్కి వచ్చింది. మామూలు పౌర్ణమి పోటుకే, ఎండ కాస్తుండగానే అక్కడ వీధిలో ఉప్పునీళ్లు నిలుస్తాయి, నువ్వు ఇల్లు చూడ్డానికి వెళ్లింది పాటు సమయం అయ్యుంటుంది. తర్వాత కాలవ గట్టు దాటింది, అటూ ఇటూ కలిసిపోయాయి. గుమ్మం కింద తువ్వాళ్లు కుక్కాం, నవ్వొస్తుంది ఇప్పుడు. నీళ్లు టైల్స్ సందుల్లోంచి, గోడకీ నేలకీ మధ్య నుంచి వచ్చాయి. పదకొండు గంటలకల్లా మోకాళ్లు దాటింది. ఫ్రిజ్ తేలుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. తేలి, ఒక పక్కకి ఒరిగి, తలుపు తెరుచుకుని అందులో ఉన్న పప్పు గిన్నె, పెరుగు గిన్నె హాల్లోకి వచ్చాయి. పిల్లల్ని వంటగది గట్టు మీద కూర్చోబెట్టి నేనూ మా ఆయనా నీళ్లలో నిలబడ్డాం. మెయిన్ స్విచ్ ముందే ఆపేశాం కాబట్టి బతికాం. ఆ రాత్రి మా కౌంటీలో నీళ్లలో చిక్కుకుని పదిమందికి పైగా పోయారు, ఎక్కువమంది పెద్దవాళ్లు, ఒంటరిగా ఉన్నవాళ్లు.

నీళ్లు తెల్లారేసరికి తీసేశాయి. అసలు కథ అప్పుడు మొదలైంది. సముద్రపు నీళ్లంటే ఉప్పు ఒక్కటే కాదు, మురుగు, డీజిలు, పక్కవాళ్ల గరాజ్‌లో పురుగుల మందు, అన్నీ. డ్రైవాల్ గోడలు తెలుసుగా, వత్తిలాగా నీళ్లని పైకి లాగుతాయి. మూడడుగుల నీళ్లొస్తే నాలుగడుగుల ఎత్తు దాకా గోడ కోసేయాలి, లోపల దూదిలా నింపే ఇన్సులేషన్ తీసేయాలి, లేకపోతే ఆ వేడికి రెండో రోజే నల్లగా బూజు. నువ్వు చూసిన కొత్త గోడలు అవే. కొత్తగా ఉన్నాయని మురిసిపోకు, లోపలి కర్రలు పూర్తిగా ఆరాకే మూశారా అని అడుగు. తేమ కొలిచిన రిపోర్టు ఉందా, పర్మిట్ తీసుకుని చేశారా, లేక తెలిసినవాడితో చేయించేశారా. కరెంటు వైర్లు, స్విచ్చు డబ్బాలు మార్చారో లేదో చూడు, ఉప్పు తగిలిన రాగి వెంటనే చెడదు, ఏడాదికో రెండేళ్లకో పచ్చగా చిలుము పడుతుంది. ఏసీ బయటి యూనిట్ ఎత్తు మీద పెట్టారా? మా పక్కింటివాళ్ల ఎలక్ట్రిక్ కారు గరాజ్‌లో ఉప్పునీళ్లలో నానింది. ఆ బ్యాటరీలు ఆరాక కూడా అంటుకోవచ్చని ఇయన్ తర్వాతే అందరికీ తెలిసింది, అందుకని దాన్ని లాగించి ఇళ్లకు దూరంగా పెట్టించారు.

సామానంతా వీధిలో వేశాం. ప్రతి ఇంటి ముందూ ఒక గుట్ట, మనిషి ఎత్తు. సోఫాలు, పరుపులు, పెళ్లి ఆల్బములు. పూజ మందిరం కింద అరలో మా అత్తగారు పసుపు కుంకుమలతో పెట్టుకున్న వెంకటేశ్వరస్వామి పటం ఉండేది, దాన్ని చెత్త గుట్ట మీద వేయలేక కారులో పెట్టుకుని తిరిగాను. ఆ గుట్టలు ఎత్తకముందే మిల్టన్ వస్తోందన్నారు. ఈసారి ఆ గాలికి ఈ సామానంతా ఎగిరి ఎవరి కిటికీలో పడుతుందోనని భయం. ఈసారి మాత్రం ఎవరూ చెప్పకముందే ఓర్లాండో దాటి వెళ్లిపోయాం.

తర్వాత యాభై శాతం రూల్. ఇది ఎవరూ ముందు చెప్పరు. ఇంటి కట్టడం విలువలో (స్థలం విలువ కాదు, కట్టడం ఒక్కటే) సగం లేదా అంతకంటే ఎక్కువ బాగుచేయడానికి అవుతుందంటే ఉన్నదున్నట్టుగా బాగుచేసుకోనివ్వరు. ఇప్పటి నియమాల ప్రకారం ఇల్లు పైకెత్తాలి, లేదా పడగొట్టి ఎత్తుగా కట్టుకోవాలి. మాది పాత ఇల్లు, కట్టడం విలువ తక్కువ, స్థలానిదే ధరంతా, కాబట్టి సగం చాలా తొందరగా దాటేసింది. ఉత్తరాలు, అంచనాలు, మళ్లీ ఉత్తరాలు, ఎనిమిది నెలలు అద్దె ఇంట్లో ఉంటూ ఈ ఇంటి లోను కూడా కట్టాం. చివరికి స్థలం ధరకి అమ్మేశాం. నువ్వు చూసిన ఇల్లు పైకెత్తకుండానే ఎలా బాగైందో, ఆ లెక్క ఎలా యాభై లోపు వచ్చిందో కాగితాలు అడిగి తీరాలి. అది సరిగ్గా జరగకపోతే రేపు ఆ తలనొప్పి నీది.

కొత్తకాపు_టాంపా:

అక్కా, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. పిల్లల్ని గట్టు మీద కూర్చోబెట్టారని చదివి మా ఆవిడ ఫోన్ నా చేతికిచ్చేసి లోపలికెళ్లిపోయింది. పర్మిట్ కాగితాలు రాత్రే అడిగాను. ఏసీ యూనిట్ నేల మీదే ఉంది, ఫొటోల్లో కనబడుతోంది, నేను గమనించలేదు.

బీచ్_రాజు:

ఇలా భయపెడితే ఫ్లోరిడాలో ఎవడూ ఉండడు. నేను పదకొండేళ్లుగా నీటి పక్కనే ఉన్నాను, మా ఇల్లు స్తంభాల మీద కట్టింది, కింద గరాజ్ ఒక్కటే. హెలీన్ నీళ్లు కింద నుంచి వచ్చి కింద నుంచే పోయాయి, గరాజ్ కడిగేశాం, అంతే. 1900లో గాల్వెస్టన్‌లో ఎనిమిది వేలమంది దాకా పోయారు, ఆ తర్వాత వాళ్లు ఊరొదిలి పోయారా? 17 అడుగుల సముద్రపు గోడ కట్టారు, రెండు వేలకు పైగా కట్టడాల్ని జాకీలు పెట్టి ఎత్తి కింద ఇసుక నింపారు, ఊరు ఊరే పైకి లేచింది. ఇప్పటికీ జనం ఉన్నారక్కడ. సముద్రం పక్కన ఉండకూడదని కాదు, నేలమట్టంగా ఉండకూడదని చెప్పండి. కొత్తకాపు బ్రో, అదే కాలవ మీద ఎత్తు మీద కట్టిన ఇల్లు దొరుకుతుందేమో చూడు. ధర ఎక్కువే, కానీ ఆ ఎక్కువ దేనికో నీకిప్పుడు తెలుసు.

షోర్ఏకర్స్_మాజీ:

రాజు గారూ, ఇల్లు ఎత్తుగా ఉన్నా వీధి ఎత్తుగా లేదు కదండీ. నీళ్లు నిలిచినన్నాళ్లు అంబులెన్సు రాదు, మురుగు ప్లాంటు ఆపేస్తే బాత్రూం ఫ్లష్ కూడా చేయొద్దంటారు. హెలీన్‌కి మా వైపు ఆపారు. ఎత్తింట్లో కూర్చుని ఏం చేస్తారు? మీ ఇల్లు నిలబడడం వేరు, మీరు అందులో ఉండిపోవడం వేరు.

బీచ్_రాజు:

ఉండిపొమ్మని ఎవరన్నారు, మేం ప్రతిసారీ వెళ్లిపోతాం. ఆ విషయంలో మీతో గొడవ లేదు.

కోడూరు_కుర్రాడు:

షార్లెట్‌లో ఉంటాను, టాంపా గురించి నాకేం తెలియదు. కానీ మీ అత్తగారి గడప ప్రశ్న చూసి ఆగలేకపోయాను.

మాది దివిసీమ. పైన గాలివాటం గారు చెప్పిన కుడి ఎడమల లెక్క మా ఇంట్లో అందరికీ తెలుసు, ఆ పేరుతో కాదు గానీ. 1977 నవంబరు 19, శనివారం, కార్తీక మాసం. తుఫాను ఒడ్డెక్కింది చీరాల, నిజాంపట్నం వైపు. జనం ఎక్కువగా పోయింది దివిసీమలో. ఎందుకంటే మేం దానికి కుడిచేతి వైపు ఉన్నాం. అధికారికంగా లెక్కవేసినవే పది వేల పైన, ఊళ్లో పెద్దవాళ్లు ఆ లెక్క ఎప్పుడూ ఒప్పుకోలేదు.

మా నాన్నకి అప్పుడు పన్నెండేళ్లు. ఆయన చెప్పేది ఇది. రోజంతా గాలి, వాన. ఇంటి పైకప్పు పోతుందని మా తాత తాళ్లతో కడుతూనే ఉన్నాడట, అందరి దృష్టీ కప్పు మీదే. సాయంత్రానికి గాలి చప్పుడు మారింది. బరువుగా, కింద నుంచి వస్తున్నట్టు. ఆ తర్వాత కాళ్లకు నీళ్లు తగిలాయి. పొద్దుట్నుంచి వాన నీళ్లలో తడిసి వణుకుతున్నారు, ఈ నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయట. "వెచ్చగా ఉంది నాన్నా" అన్నాడట. మా తాత ఆ మాట విన్న వెంటనే తాళ్లు వదిలేసి పిల్లవాణ్ణి తాటిచెట్టెక్కించాడు. ఆ తాడే నడుముకి కట్టాడు. మా నాయనమ్మ, ఇద్దరు అత్తలు దొరకలేదు. నీళ్లెంత ఎత్తని అడిగితే నాన్న "తాటిచెట్టంత" అంటాడు. పుస్తకాల్లో చూస్తే ఐదు మీటర్లు అని ఉంటుంది. తాటిచెట్టు మీదున్న పిల్లాడికి రెండూ ఒకటే అయ్యుంటాయి.

తర్వాతి రోజుల గురించి అడిగితే ఆయన మనుషుల గురించి చెప్పడు, నీళ్ల గురించి చెబుతాడు. చుట్టూ నీళ్లే, తాగడానికి లేవు. చెరువులన్నీ ఉప్పు, అందులో గొడ్ల కళేబరాలు. కోతకొచ్చిన సార్వా వరి పడిపోయి నల్లబడింది. తుమ్మ ముళ్లకు చీరలు వేలాడుతూ ఉండేవట, అంతవరకే చెబుతాడు. అప్పుడు మంత్రిగా ఉన్న మండలి వెంకట కృష్ణారావు గారు మా వాళ్ల మధ్యనే ఉండి సాయం పనులు చూశారని, రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టుకుని చందాలు పోగుచేశారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పొలం ఉప్పు పట్టింది, కాలవ నీళ్లు పెట్టి నిలవగట్టి మురుగు కాలవలోకి వదిలి, మళ్లీ పెట్టి, మళ్లీ వదిలి, అలా కడుక్కున్నారు. పాత దిగుబడి రావడానికి ఏళ్లు పట్టింది. పులిగడ్డ దగ్గర స్మారక స్తూపం ఉంది, అటు వెళ్తే ఆగండి.

ఇంకొక్క మాట. 1990 మేలో మళ్లీ పెద్ద తుఫాను మా కృష్ణ మొగ దగ్గరే దాటింది. అప్పటికి షెల్టర్లు కట్టారు, ముందే లక్షల మందిని తరలించారు. పోయినవాళ్లు వెయ్యి లోపు. ఆ సంఖ్య చిన్నదని కాదు, సముద్రం అదే, నేల అదే, అయినా ఇంత తేడా ఎలా వచ్చిందో చూడండి. అప్పుడు మా నాన్న అందరికంటే ముందు షెల్టర్‌కి వెళ్లి కూర్చున్నాడట, గాలి మొదలవకముందే. ఊళ్లో వాళ్లు నవ్వారు. ఆయన ఇప్పుడూ అంతే, వాతావరణ వార్తల్లో బంగాళాఖాతం పేరొస్తే చాలు సంచి సర్దేస్తాడు. మేం కూడా నవ్వేవాళ్లం.

గల్ఫ్‌పోర్ట్_డాక్టర్:

కోడూరు గారూ, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

నేను 2007లో మిసిసిపీ తీరానికి ఉద్యోగానికి వచ్చాను. కత్రినా వచ్చి అప్పటికి రెండేళ్లు. హైవే 90 పక్కన సముద్రం ఒక వైపు, ఇంకో వైపు మైళ్ల కొద్దీ సిమెంటు మెట్లు. ఇళ్లు లేవు, మెట్లే. మూడు మెట్లెక్కితే ఏమీ ఉండదు, గడ్డి. కత్రినా అంటే అందరికీ న్యూ ఆర్లీన్స్ గుర్తొస్తుంది, అక్కడ కట్టలు తెగాయి. ఉప్పెన అతి ఎత్తుగా వచ్చింది మాత్రం ఇక్కడ, పాస్ క్రిస్టియన్ దగ్గర 28 అడుగుల దాకా. బిలాక్సీలో నీటి మీద తేలే కాసినో నౌకలు రోడ్డు దాటి వచ్చి కూర్చున్నాయి.

నా పేషెంట్లు చెప్పిన మాట ఒకటి ఇక్కడ అందరి నోటా వినబడుతుంది. 1969లో కెమిల్ వచ్చింది, అది కేటగిరీ 5. కెమిల్‌కి ఏ ఇంటికి నీళ్లు రాలేదో ఆ ఇంటివాళ్లు కత్రినాకి కదల్లేదు, ఇది కేటగిరీ 3యే కదా అని. కెమిల్ 1969లో కంటే 2005లోనే ఎక్కువమందిని చంపింది అంటారు. ఇద్దరు అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నాయన నాతో ఈ మాట నవ్వుతూ అన్నాడు, ఆ నవ్వు నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. షోర్ ఏకర్స్ అక్క ఇడాలియా గురించి రాసింది చూస్తే అదే గుర్తొచ్చింది.

ఇన్సూరెన్స్ సంగతి మా ఊళ్లో కోర్టుల దాకా పోయింది. ఇంటి పాలసీ గాలి నష్టానికి ఇస్తుంది, నీళ్లకి ఇవ్వదు. వరద పాలసీ నీళ్లకి ఇస్తుంది, గాలికి ఇవ్వదు. మెట్లు మాత్రమే మిగిలిన చోట ఇంటిని ముందు గాలి పడగొట్టిందా, నీళ్లు పడగొట్టాయా అని ఎవరు తేల్చాలి? చూసినవాళ్లు లేరు. ఏళ్లు గడిచాయి కొందరికి. మీరు ఏ ఇల్లు కొన్నా రెండు పాలసీలూ విడిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

పాలసీ_పాపారావు:

డాక్టర్ గారు మొదలుపెట్టారు కాబట్టి మిగతాది నేను. ఫెడరల్ వరద పాలసీలో ఇంటి కట్టడానికి 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000 డాలర్లు, అంతకు మించి ఇవ్వరు. సామాను విడిగా అడిగి తీసుకోవాలి, చాలామంది మర్చిపోతారు. మీరు వేరే చోట అద్దెకున్న ఖర్చు అందులో రాదు. ఇల్లు పైకెత్తాల్సి వస్తే దానికోసం 30,000 డాలర్ల దాకా ఇచ్చే భాగం ఒకటుంది, అది చాలదు గానీ ఉందని తెలుసుకోండి. మామూలుగా పాలసీ తీసుకున్న 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది, తుఫాను గల్ఫ్‌లోకి వచ్చాక ఫోన్ చేస్తే లాభం లేదు. లోనుతో పాటు తీసుకుంటే ఈ ఆలస్యం ఉండదు. అమ్మేవాళ్ల పాలసీనే మీ పేరుకు మార్చుకోవచ్చా అని కూడా అడగండి, ఒక్కోసారి అది చవక.

2024 అక్టోబరు నుంచి ఫ్లోరిడాలో ఇల్లు అమ్మేవాళ్లు వరద క్లెయిమ్ చేశారా, ప్రభుత్వ సాయం తీసుకున్నారా అన్నది రాసివ్వాలి. మీ చేతిలో ఉన్నది ఆ కాగితమే. అందులో 2023 గురించి ఏముందో మళ్లీ చదవండి. ఇంకా ఎలివేషన్ సర్టిఫికెట్ తెప్పించుకోండి, ఇంటి లోపలి నేల ఎన్నడుగుల ఎత్తులో ఉందో అందులో ఉంటుంది, మీ అత్తగారి ప్రశ్నకు జవాబు అదే. వరద జోను, ఖాళీ చేయించే జోను రెండూ వేరు వేరు, చాలామంది ఒకటే అనుకుంటారు. మొదటిది ప్రీమియం కోసం, రెండోది ప్రాణం కోసం.

కొత్తకాపు_టాంపా:

అందరికీ థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నందుకు సారీ.

కాగితం మళ్లీ చదివాను. 2023 క్లెయిమ్ కూడా ఉంది, రెండో పేజీలో. నేను మొదటి పేజీ చదివి ఆగిపోయాను, తప్పు నాదే. పర్మిట్లలో వంటగదికి ఉంది, కరెంటు పనికి లేదు. ఏజెంట్‌ని యాభై శాతం లెక్క కాగితం అడిగితే "అదంతా అమ్మేవాళ్లు చూసుకున్నారు" అన్నాడు. నిన్న సాయంత్రం మేమిద్దరం మళ్లీ వెళ్లాం, ఈసారి ఇంట్లోకి పోలేదు. పోటు టైము చూసుకుని వెళ్లి వీధి చివర కారు ఆపుకుని కూర్చున్నాం. వాన లేదు, మబ్బు లేదు. మురుగు జాలీ దగ్గర నీళ్లు మెల్లగా పైకొచ్చి రోడ్డంచు తడిపి, ఒక అరగంట ఉండి దిగిపోయాయి. ఒక బాతు అందులో ఈదుతోంది. మా ఆవిడ వీడియో తీసి వాళ్లమ్మకి పంపింది. అటునుంచి ఒక్క మాట జవాబు రాలేదు, ఫోనే వచ్చింది.

డీల్ వదిలేశాం. గడువులోపే చెప్పాం కాబట్టి డిపాజిట్ వెనక్కొస్తుందట. శనివారం వెస్లీ చాపెల్ వైపు చూడ్డానికి వెళ్తున్నాం. సముద్రం నుంచి చాలా లోపలికి, పడవ గిడవ ఏమీ ఉండదు, వెనక చిన్న చెరువు మాత్రం ఉందట.

బీచ్_రాజు:

చెరువులో మొసళ్లుంటాయి బ్రో, సరదాకి కాదు, నిజంగానే చెబుతున్నా. చిన్నపిల్లల్ని ఒడ్డుకి పంపకు.

పాలసీ_పాపారావు:

అటువైపు కొత్త కాలనీల్లో హెచ్ఓఏ (కాలనీ సంఘం ఫీజు) కాకుండా సీడీడీ అని ఇంకో ఫీజుంటుంది, పన్ను బిల్లులో కలిపి వస్తుంది, చాలా ఏళ్లు కట్టాలి. ధర చెప్పేటప్పుడు దాని గురించి మాట్లాడరు, అడిగి చూసుకోండి. చెరువుందన్నారు కాబట్టి అక్కడ కూడా ఎలివేషన్ సర్టిఫికెట్ అడగండి, మిల్టన్‌కి అటువైపు వాన నీళ్లు చాలా చోట్ల నిలిచాయి.